సోమ, బుధ, శుక్రవారాల బండి

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊళ్ళో, విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు ఒకరి మొదటి వర్ధంతి సభలో ఆయన బావమరిది మాట్లాడినది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల తోటలో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపిస్తోందా అమ్మా? సరే. ఎండగా ఉంటే ఇటు షామియానా కిందకి వచ్చేయండి, ముందు వరస అంతా ఖాళీగానే ఉంది. మనవాళ్ళకి ముందు కూర్చోవడమంటే భయం. మా బావ బండిలో మాత్రం ముందు సీటు కోసం కొట్టుకునేవారు.

సభల్లో గారు అనాలి. బావగారు అనాలి. నాకు నోరు తిరగడం లేదు, క్షమించాలి. 1979లో మా అక్క పెళ్ళి. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. నలభై ఐదేళ్ళు బావా, బావా అని పిలిచి ఈరోజు మైకు ముందు గారు అంటే ఆ ఫోటోలోంచి ఆయనే నవ్వుతాడు. పేరు ఫోటో కింద రాసి ఉంది, మీకు నేను చెప్పక్కర్లేదు. మీకు డ్రైవరుగారు, నాకు బావ.

నా వెనకాల ఫ్లెక్సీ చూడండి. కుర్రాళ్ళు చాలా అభిమానంతో వేయించారు. ఏమని ఉంది? "సంఘసేవకులు, త్యాగమూర్తి" అని ఉంది. సంఘసేవకుడు అంటే ఒప్పుకుంటాను. త్యాగమూర్తి అన్న మాట దగ్గరే నాకు పేచీ. బాబూ, నువ్వేమీ అనుకోకు, నీ మీద కోపం కాదు. ఆ మాట మా బావ బతికుండగా నేనూ ఒకసారి అన్నాను. తిట్టాడు. "నానేటి త్యాగం సేసినానురా? నా పెళ్ళాన్ని నాను ఆస్పత్రికి తీసికెల్తన్నాను. బండిలో సీట్లు కాళీగున్నాయి. అంతే" అన్నాడు.

ఆ సీట్ల సంగతే ఈరోజు చెప్తాను.

మనలో ఒక అలవాటుంది. సేవ చేశాడు అంటే ఇల్లు వదిలేసి ఉండాలి. పెళ్ళాం పిల్లల్ని పట్టించుకోకుండా ఊరి మీద పడి తిరిగినవాడినే మనం గొప్పవాడంటాం. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో తెలియదు గానీ వేదిక మీద దండలు మాత్రం ఉంటాయి. నేను ఎవరినో అనడం లేదు, నన్నే అనుకుంటున్నాను. నేను శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్ళు మేష్టరుగా చేశాను. ఎన్ని కమిటీల్లో ఉన్నానో నాకే గుర్తు లేదు. ఆ రోజుల్లో మా నాన్న ఎక్కడున్నాడు? ఈ ఊళ్ళో, మా బావ ఇంట్లో. మా నాన్నకి పక్షవాతం వచ్చాక తొమ్మిదేళ్ళు. ఒక ఏడాది కాదు, తొమ్మిదేళ్ళు. స్నానం చేయించినవాడు అల్లుడు. గెడ్డం గీసినవాడు అల్లుడు. కొడుకు ఏం చేశాడు? కొడుకు నెలకోసారి ఆపిల్ పళ్ళు తెచ్చి, మంచం పక్కన గంట కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ గంటలో కూడా వాచీ చూసుకున్నాడు.

బావకి అప్పుడు పలాస డిపోలో డ్యూటీ. నైట్ అవుట్ అయితే పొద్దున్న దిగి, యూనిఫారం విప్పకుండా ముందు మామ మంచం దగ్గరికి వెళ్ళేవాడు. పక్క మార్చి, అప్పుడు టీ తాగేవాడు. ఒక్కసారి కూడా నాతో "మీ నాన్న కదా, నువ్వు తీసుకెళ్ళొచ్చు కదా" అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సరే. అది వేరే కథ. కాదు, అదే కథేమో.

2014లో రిటైర్ అయ్యాడు. 2015లో మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి, నెత్తుర్లో క్రియాటినిన్ ఎక్కువని తేలింది. మన దగ్గర ఈ మాట విననివాళ్ళెవరు? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల్లో ఇంగ్లీషు అక్షరం రానివాళ్ళకి కూడా క్రియాటినిన్ వచ్చు. ఎవరైనా ఇద్దరు కలిస్తే ముందు "నీది ఎంత?" అంటారు. బయట ఊళ్ళో జీతం ఎంత అని అడిగినట్టు. ఉద్యానం లాంటి నేల కాబట్టి ఉద్దానం అన్నారు. కొబ్బరి, జీడి, పనస, ఏది వేసినా కాసే నేల. ఈ నేల మీదే ఈ కిడ్నీ జబ్బు. నీళ్ళంటారు, ఎండలో పని అంటారు, నొప్పి బిళ్ళలంటారు, అన్నీ కలిసి అంటారు. ఇన్నేళ్ళ నుంచి ఎవరెవరో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, నెత్తురు పట్టుకెళ్ళారు, ఇదీ కారణం అని మాత్రం ఇంకా తేల్చలేదు.

అక్కకి డయాలసిస్ తప్పదన్నారు, కిడ్నీ చెయ్యాల్సిన పని మిషనుతో చేయించి నెత్తురు శుభ్రం చెయ్యడం. అప్పటికి ఇక్కడ లేదు, శ్రీకాకుళం వెళ్ళాలి. తెల్లవారుజామున సోంపేట స్టేషన్లో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి టౌన్లోకి బస్సు. మిషను మీద నాలుగు గంటలు. మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఇంటికి వచ్చేసరికి రాత్రి. వారానికి రెండుసార్లు. మూడుసార్లు చేయించాలి, కానీ ఆ ప్రయాణానికి మనిషి తట్టుకోవద్దూ?

ఆ ప్లాట్‌ఫారం మీద బావ గమనించాడు. అవే మొహాలు. అదే రోజుల్లో, అదే రైలుకి. ఎడమ చేతికో కుడి చేతికో దూది అంటించి ఉన్న మనుషులు. ఎవరికి వాళ్ళు దూరంగా నిలబడేవారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఎందుకని? సిగ్గు. ఇంట్లో జబ్బుందని తెలిస్తే పిల్లలకి సంబంధాలు రావు. బావ రెండో కూతురికి ఒక సంబంధం అలాగే వెనక్కి పోయింది. అమ్మాయి ఇక్కడే ఉంది, ఆమెకి తెలిసే చెప్తున్నాను. వాళ్ళు కట్నం గురించి అడగలేదు, తల్లి రిపోర్టు అడిగారు.

అందరూ తలదించుకుని నిలబడే ఆ ప్లాట్‌ఫారం మీద మా బావ పెద్ద గొంతుతో "ఎవులెవులు సీకాకులం డయాలసిస్‌కి? ఇలగొచ్చీండి, ఒక్క పెట్టెలోనే ఎక్కుదాం" అని అరిచాడట. అక్క ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయానని నాతో చెప్పింది. తర్వాత నెలకి ఆ పెట్టెలో తొమ్మిది మంది అయ్యారు. ఒకరి ఫైలు ఒకరు చూసుకోవడం, ఎవరికైనా వస్తూ వస్తూ కళ్ళు తిరిగితే ఇంకొకరు పట్టుకోవడం. అదీ మొదలు. సంఘం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, రసీదు పుస్తకం లేదు.

తర్వాత సోంపేటలో, పలాసలో, కవిటిలో ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డయాలసిస్ పెట్టారు. దగ్గరికి వచ్చింది. దగ్గరంటే మనకి దగ్గర. డయాలసిస్ అయిన మనిషికి కాదు. మిషను దిగాక బీపీ పడిపోతుంది, కాళ్ళు తేలిపోతాయి. ఆ మనిషిని ఆటోలో పది మంది మధ్య ఇరికించి తెస్తే ఏమవుతుంది? అందుకని రిటైర్మెంటు డబ్బుల్లోంచి పాత వ్యాను కొన్నాడు. తెల్లది. అదిగో, స్కూలు గోడ పక్కన ఆగి ఉంది చూడండి, అదే. మా అక్క డ్రైవరు వెనక సీటు. మిగతావి ఖాళీ. అప్పుడన్నమాటే, నేను ముందు చెప్పానే, సీట్లు కాళీగున్నాయిరా అని.

సోమ, బుధ, శుక్ర. పొద్దున్న 5.40కి రావిచెట్టు దగ్గర బయల్దేరాలి. 5.40 అంటే 5.40. 5.41 కాదు. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ మనిషి కదా. నా భార్య ఒకసారి అక్కకి తోడు వెళ్దామని వచ్చి, చీర మడతలు సరిచేసుకుంటూ రెండు నిమిషాలు ఆలస్యం చేసింది. వదిలేసి వెళ్ళిపోయాడు! సొంత చెల్లెలి లాంటి మనిషిని! వారం రోజులు మాట్లాడలేదు ఆవిడ. నవ్వుతున్నారు మీరు. మీలో ఎంత మందిని వదిలేశాడో నాకు తెలుసు. కోపిష్టి. అది దాచి పొగడ్డం నాకు రాదు. సిస్టర్ సూది సరిగ్గా గుచ్చలేదని ఆసుపత్రిలో కేకలేసి, మర్నాడు అదే సిస్టర్‌కి పనసకాయ పట్టుకెళ్ళినవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మనిషికి ఇరవై రూపాయలు తీసుకునేవాడు. దీని మీద ఊళ్ళో మాటలొచ్చాయి. వచ్చాయా లేదా? "సేవ అంటాడు, టికెట్టు కొడతాడు" అన్నారు. ఆ అన్నవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు, పర్వాలేదు, కూర్చోండి. నాకూ నచ్చలేదు. అడిగాను. ఏమన్నాడో తెలుసా? "ఊరికే ఎక్కినోడు మూల సూసుకుని కూకుంటాడురా. టికెట్టు తీసుకున్నోడు కిటికీ కాడ సీటు ఇమ్మని అడుగుతాడు. ఆల్లు అడగాల నన్ను."

నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఈ మాట నాకు తట్టలేదు.

ఇవ్వలేనివాళ్ళ పేరు నోట్‌బుక్కులో రాసేవాడు. బాకీ అని. ఎప్పుడైనా అడిగాడా? అడిగాడంటే చెప్పండి. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది మీరు చూడలేదు, నేను చూశాను, అందుకే చెప్తున్నాను. డయాలసిస్ మనిషి తిండి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉప్పు కూడదు. కూరగాయలు తరిగి నీళ్ళల్లో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి ఆ నీళ్ళు కూడా పారబోయాలి, పొటాషియం పోవాలని. ఆ వంట ఎవరు చేసేవారు? బావే. పిల్లలిద్దరూ అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. ఇంట్లో రెండు వంటలు చెయ్యలేదు ఆయన. ఒకటే కుండ. అక్క ఏది తింటే అదే ఆయన కంచంలో. ఆరేళ్ళు ఆ ఇంట్లో ఆవకాయ జాడీ లేదు, ఎండు చేపల వాసన లేదు. ఎండు చేపలంటే ప్రాణం ఆయనకి. శ్రీకాకుళం ఏదో పని మీద వచ్చి, మా ఇంట్లో దొంగలా ఎండు నెత్తళ్ళు వేయించుకుని తిని, నోరు మూడుసార్లు కడుక్కుని వెళ్ళేవాడు. అక్కకి వాసన తెలిసిపోతుందని! అక్కకి తెలుసు. నాతో చెప్పి నవ్వేది. ఆయనకి తెలియనివ్వలేదు.

పొద్దున్న లేవగానే అక్క చెయ్యి పట్టుకునేవాడు. ఫిస్టులా చెయ్యి. ధమనినీ సిరనీ కలిపి కుడతారు కదా, అక్కడ వేళ్ళు ఆనిస్తే లోపల గుర్రుమని తెలుస్తుంది. ఆ గుర్రు ఉంటే రక్తం బాగా పారుతున్నట్టు. లేకపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. రోజూ పొద్దున్న ముందు అది చూసి, "బండి స్టార్ట్‌లోనే ఉందే" అనేవాడు. తర్వాత వ్యాను ఎక్కిన ప్రతివాళ్ళకీ అది నేర్పాడు. ఆ చేత్తో బిందె ఎత్తొద్దు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, సూది గుచ్చనివ్వొద్దు, పొద్దున్నే వేళ్ళు ఆనించి చూసుకోండి అని. డాక్టర్లు చెప్తారు, నిజమే. వాళ్ళు ఒకసారి చెప్తారు. ఈయన వారానికి మూడుసార్లు చెప్పేవాడు.

కిరాణా కొట్లో ఒళ్ళు నొప్పుల బిళ్ళ కొనుక్కుని మింగేవాళ్ళ మీద మాత్రం చేతులు కూడా లేపేవాడు. మందసలో ఒక కొట్టువాడితో పెద్ద గొడవే అయింది. అది వద్దులెండి.

తిత్లీ తుఫాను గురించి చెప్పాలి. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మీరందరూ ఎక్కడున్నారో మీకు గుర్తుంటుంది. తెల్లారి బయటికి వస్తే తోటలు లేవు. బావకి నలభై రెండు కొబ్బరిచెట్లుండేవి, ఆరు మిగిలాయి. ఆయన వాటి దగ్గరికి వెళ్ళనేలేదు. రోడ్డు చూడ్డానికి వెళ్ళాడు. ఎందుకు? మర్నాడు శుక్రవారం. డయాలసిస్ రోజు.

బుధవారం చేయించుకున్న మనిషికి శుక్రవారం తప్పిపోతే మళ్ళీ సోమవారమే. ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. ఆ లెక్క ఆయన తలలో ఉంది. గొడ్డలి, రంపం పట్టుకుని బయల్దేరాడు. అరవై దాటిన మనిషి. మొదట ఒక్కడే నరుకుతున్నాడు, తర్వాత కుర్రాళ్ళు వచ్చారు. ఎవరి జీడిచెట్టు పడిందో వాడే వచ్చి సొంత చెట్టు నరికి పక్కకి లాగాడు. మాట అనుకోవడం తేలిక. పాతికేళ్ళు పెంచిన చెట్టు అది. రాత్రికి పెద్ద రోడ్డు దాకా దారి అయింది. కరెంటు లేదు, ఆసుపత్రిలో జనరేటరు ఉందో లేదో కూడా తెలియదు. శుక్రవారం పొద్దున్న 5.40కి వ్యాను బయల్దేరింది.

ఆ రోజుల్లో ఇంకొకటి నేను మర్చిపోలేను. నేను నాలుగో రోజుకి ఇక్కడికి చేరాను. కరెంటు లేక మోటార్లు లేవు, తాగే నీళ్ళు లేవు. కింద మాత్రం ఎటు చూసినా కొబ్బరికాయలు. జనం బోండాలు కొట్టుకుని తాగి బతికారు. ఆ మధ్యలో అరుగు మీద మా అక్క. కొబ్బరినీళ్ళల్లో పొటాషియం, ఒక్క గుక్క కూడా కూడదు. కొబ్బరితోట ఇంట్లో పుట్టి, కొబ్బరితోట ఇంటికి కోడలిగా వచ్చింది. చూస్తూ కూర్చుంది. బావ తుఫాను ముందురోజే రెండు బిందెలు నింపి, మూత పెట్టి, దాని మీద తాళ్ళతో కట్టి ఉంచాడు. దాంట్లోంచి కొలిచి, రోజంతటికీ సరిపడా ఒక సీసాలో పోసి అక్క పక్కన పెట్టాడు. ఆయన కూడా బోండాం ముట్టలేదు. నేను తాగాను. నేను రెండు తాగాను.

అమ్మాయీ, ఏడవకు. ఇదిగో అయిపోతోంది.

2020 లాక్‌డౌన్ మొదటి రోజు మార్చి 25. బుధవారం. ఆ రోజే ఉగాది కూడా. దేశమంతా తలుపులు వేసుకుంది, ఈయన వ్యాను తీశాడు. ఇంట్లో వేపపువ్వు పచ్చడి చేసి దేవుడి దగ్గర పెట్టి, ఎవరి నోట్లోనూ పెట్టకుండా బయల్దేరాడట, ఉప్పు, బెల్లం, చింతపండు ఉంటాయి కదా, అక్క అడుగుతుందని. దారిలో పోలీసులు ఆపారు. ఆరుగురి ఫైళ్ళూ కిందకి దించి జీపు బానెట్ మీద పరిచాడు. చదువుకోండి బాబూ అన్నాడు. ఆ ఎస్సై చదివి పంపించాడు. తర్వాత ఎప్పుడూ ఆపలేదు.

2021లో అక్క పోయింది.

అది శనివారం. నేను ఇక్కడే ఉన్నాను. ఆదివారం అంతా జనం. సోమవారం పొద్దున్న నాకు మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీ. వ్యాను చప్పుడు. పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాను. మైలలో ఉన్నాం, బావా, ఏం చేస్తున్నావు అన్నాను. చుట్టాలు కూడా తిట్టారు, నిజంగానే తిట్టారు. ఆయన స్టీరింగు పట్టుకుని నా వైపు చూడకుండా "ఆల్లకి మైలేటిరా, ఆల్లకి సోమారం" అన్నాడు. డ్రైవరు వెనక సీటు ఖాళీగా పెట్టాడు ఆ రోజు. ఆ ఒక్క రోజే. బుధవారం ఆ సీట్లో టెక్కలి వైపు నుంచి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళు లేవు ఆమెకి.

తర్వాత మూడేళ్ళు నడిపాడు. ఇంటి మనిషి లేకుండా. ఇదే నేను ఫ్లెక్సీ కుర్రాళ్ళకి చెప్పాలనుకున్నది. ఆయన ఇల్లు వదిలి ఊళ్ళోకి రాలేదు బాబూ. ఇంటికి చేసిన పనే ఊళ్ళోవాళ్ళకీ చేశాడు. ఇంట్లో ఆ పని అయిపోయాక కూడా చెయ్యి ఆగలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో రావడం కూడా అప్పుడే. ఒకరోజు నన్ను తీసుకెళ్ళి ఆసుపత్రి మొత్తం తిప్పి చూపించాడు, తనే కట్టించినట్టు. లిఫ్టు దగ్గర నిలబడి, "మీ యక్కకి మెట్లెక్కడం కస్టంగుండేది" అన్నాడు. ఇంకేం అనలేదు. కిందకి వచ్చి టీ తాగాం.

నిరుడు పోయాడు. గుండె. ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి పడుకుని. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, బండి కూడా ఆగలేదు. ఎలాగంటారా? వెనక సీటులో కూర్చునే ఒకాయన కొడుకు, లారీ క్లీనరుగా చేసి వచ్చిన కుర్రాడు, ఆరు నెలల నుంచి ఆయన దగ్గర నేర్చుకుంటున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. చెప్పను. సిగ్గరి.

బాకీ నోట్‌బుక్కు సంగతి చెప్తానన్నాను. పదకొండో రోజున కూతుళ్ళు బీరువా తీస్తే దొరికింది. నాలుగు పుస్తకాలు. తేదీ, పేరు, ఇరవై. తేదీ, పేరు, ఇరవై. కొన్ని పేర్ల పక్కన చిన్న అడ్డగీత. వాళ్ళు పోయారని. ఆ రోజు భోజనాల దగ్గర ఎవరో ఆ మాట అన్నారు, పుస్తకం దొరికిందట అని. సాయంత్రానికి జనం రావడం మొదలుపెట్టారు. నలభై ఇచ్చినవాళ్ళు, నూట అరవై ఇచ్చినవాళ్ళు. ఒక ముసలమ్మ కొడుకు పేర వచ్చింది. ఆ పేరు పక్కన అడ్డగీత ఉంది. ఎనభై రూపాయలు. వద్దమ్మా అన్నాం. "తీసుకోండి, ఆడు బాకీ పడి ఎల్లిపోయినాడని ఒద్దు" అంది. అమ్మాయిలకి ఏం చెయ్యాలో తెలియక నా మొహం చూశారు. పుస్తకంలో ఆ పేరు ఎదురుగా చెల్లు అని రాశాను. ముప్ఫై ఏళ్ళు మార్కులు వేసిన చెయ్యి, ఆ ఒక్క మాట రాయడానికి వణికింది.

ఆ డబ్బుతో రెండు టైర్లు మార్చారు. లెక్క కావాలంటే పెద్దమ్మాయి దగ్గర ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంక చాలు. నేను చెప్పాల్సింది అయింది. వంటలు సిద్ధమన్నారు. డయాలసిస్‌వాళ్ళకి ఉప్పు లేని వంట వేరేగా, ఎడమవైపు పందిట్లో పెట్టారు, కొంచెం తొందరగా కూర్చోండి. కుర్రాడు కూడా తొందరగా తిని పడుకోవాలి. రేపు సోమవారం.